ఆగిపోయిన మకాం

ముంబై హైవే మీద పటాన్‌చెరు నుంచి హైదరాబాదు వైపు వస్తుంటే రామచంద్రాపురం తర్వాత బీహెచ్ఈఎల్ చౌరస్తా తగులుతుంది. అక్కడి నుంచి లింగంపల్లి రైల్వే స్టేషన్ ఎంతో దూరం లేదు. ఆ చుట్టుపక్కలే సురభి కాలనీ. పాశమైలారంలోనో బొల్లారంలోనో షిఫ్టు దిగి, లోకల్ రైలు పట్టుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ పేరు ఆటోవాడికి చెప్పే ఒక గుర్తు, అంతే. ఐదారు తరాలుగా ఘటోత్కచుడు, నారదుడు, శశిరేఖ వేషాలు కట్టుకుంటూ వచ్చిన కుటుంబాలు అక్కడ కాపురం ఉంటున్నాయని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. లెక్క ప్రకారం ఆ కాలనీ ఉన్న శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లాది, రామచంద్రాపురం సంగారెడ్డి జిల్లాది. బతుకు లెక్కలో మాత్రం రెండూ ఒకే రోడ్డు మీద, ఒకే పొగ కింద పెరిగాయి.

సురభి సంగతి ఎత్తగానే ‘ఆదరణ తగ్గింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జనం సినిమాకు పోయారు, ఆపైన టీవీకి పోయారు, ఆపైన ఫోనుకు పోయారు, నాటకం పోయింది అంటారు. అది సగం నిజం. సినిమా వచ్చాక కూడా సురభి దశాబ్దాల పాటు టికెట్టు డబ్బు మీదే బతికింది. ఆ బతుకుదారులు ఒక్కొక్కటే మూసుకుపోయాక సర్కారు సొమ్ము ఒక్కటే దిక్కయింది. ఆ సొమ్ము వేళకు రాకపోయేసరికి వెనక్కి వెళ్ళడానికి పాత దారి లేదు. ఈ వరస తెలిస్తే తప్ప ఆ కాలనీకి వచ్చిన కష్టం అర్థం కాదు.

పెళ్ళిలో మొదలైన ఆట

కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ ఒక పెళ్ళి వేడుకలో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. అంతకుముందు ఆ కుటుంబాలది బొమ్మలాట. మహారాష్ట్ర నుంచి ఎప్పుడో వలస వచ్చినవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ, తెర లేచాక పలికేది తెలుగు పద్యం. బొమ్మల వెనక దాగి గొంతు ఇచ్చినవాళ్ళు ఆ రాత్రి తామే ముందుకు వచ్చి నిలబడ్డారు. జనానికి నచ్చింది. పల్లె పేరే సమాజం పేరయింది, రానురాను ఇంటిపేరు కూడా అయింది. వనారస, రేకందార్, ఆవేటి, సింధే అని ఎవరి ఇంటిపేరు వారికున్నా లోకానికి అందరూ సురభివాళ్ళే.

అప్పటికి తెలుగు నాట ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. సురభిలో ఆడవాళ్ళే కట్టారు. కుటుంబమే సమాజం కావడం వల్ల అది సాధ్యపడింది. భర్త కీచకుడైతే భార్య ద్రౌపది, మామ విరాటరాజు. చంటిబిడ్డ ఏడిస్తే పక్క తెర వెనక ఎవరో ఒక అత్తో పిన్నో ఎత్తుకునేది. అదే బిడ్డ నెలల వయసులో బాలకృష్ణుడై రంగస్థలం మీదికి వెళ్ళేది, కాస్త పెరిగి లవుడో కుశుడో అయ్యేది, ఇంకాస్త పెరిగి అభిమన్యుడయ్యేది. నటన నేర్పడానికి వేరే బడి అక్కర్లేకపోయింది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసినప్పుడు లీలావతి వేషం వేసిన కమలాబాయి సురభి ఇంటి ఆడపడుచే. తెలుగు సినిమా తన మొదటి మాటలు పలికింది ఈ ఇంటి గొంతుతో.

కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు పెరిగాయి. అన్నదమ్ములు వేరు పడితే పంచుకునే ఆస్తి తెరలు, కిరీటాలు, హార్మోనియం పెట్టెలు. మంచి రోజుల్లో తెలుగు నేల మీద ముప్పైకి పైగా సురభి సమాజాలు తిరిగాయి. వాటిలో ఒకటి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. దాన్ని 1937లో రేకందార్ చిన వెంకట్రావు నెలకొల్పారు. తర్వాతి కాలంలో లింగంపల్లిలో స్థిరపడి, సురభి పేరును ఢిల్లీ దాకా మోసింది ఈ మండలే.

ఆ సమాజాల బతుకంతా మకాం చుట్టూ నడిచింది. ఊరి అంచున ఒక మైదానం మాట్లాడుకునేవారు. రేకులు, వెదుళ్ళు, డేరా గుడ్డతో తమ థియేటరు తామే కట్టుకునేవారు. వెనక కాపురాలు, ఒక మూల వంటశాల. అందరికీ ఒకే పొయ్యి. ఆ ఊళ్ళో ఆట సాగినంత కాలం, వారాలో నెలలో, అదే ఇల్లు. ఒకరోజు ‘మాయాబజార్’, మర్నాడు ‘బాలనాగమ్మ’, ఆ మర్నాడు ‘బ్రహ్మంగారి చరిత్ర’, ‘లవకుశ’, ‘శ్రీకృష్ణ లీలలు’. నేల టికెట్టు కొన్నవాడు మూడోసారి వచ్చినా కొత్త నాటకమే చూసేవాడు. రాత్రి భీముడైనవాడు మర్నాడు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. వసూలైన డబ్బులో తిండి ఖర్చు పోను మిగిలింది వాటాలు. వాన పడితే ఆట లేదు, ఆట లేకపోతే వసూలు లేదు. అయినా ఎవరినీ చెయ్యి చాచి అడిగిన బతుకు కాదది. ఊరికి ఆట విసుగు పుట్టకముందే సామాను లారీలకెక్కించి ఇంకో ఊరికి పోయేవారు.

తీగ మీద లడ్డూ

సురభిని చూడనివారికి అక్కడ ఏం జరుగుతుందో చెప్పాలంటే ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనం దగ్గర ఆగాలి. పళ్ళెంలోని లడ్డూలు వాటంతట అవే లేచి గాలిలో తేలుతూ వచ్చి రాక్షసుడి నోట్లో పడతాయి. ముందు వరసలో పిల్లలు కేకలు పెడతారు. అదే సమయంలో పక్క తెర చాటున ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు. అతని వేళ్ళ మధ్య సన్నటి నల్ల తీగ. వెనక తెర నలుపు, తీగ నలుపు, వెలుతురు తగ్గించి ఉంటుంది కాబట్టి ప్రేక్షకుడికి లడ్డూ తప్ప ఇంకేమీ కనిపించదు. నటుడు నోరు తెరిచే క్షణం, తీగ లాగే క్షణం ఒకటి కావాలి. ఒక్క మాత్ర ముందైనా లడ్డూ ముక్కుకు తగులుతుంది, ఒక్క మాత్ర వెనకైనా నవ్వులపాలు. హార్మోనియం మీద కూర్చున్నాయన పాటను అటూ ఇటూ సాగదీసి ఇద్దరినీ కలుపుతుంటాడు.

యుద్ధ ఘట్టంలో రెండు వైపుల నుంచి బాణాలు దూసుకొచ్చి నడిమధ్య ఢీకొని నిప్పులు రాల్చుతాయి. నారదుడు మబ్బు మీద దిగుతాడు. రాజదర్బారు చూస్తుండగానే అడవి అవుతుంది. చేతితో రంగులద్దిన తెరలు ఒకదాని వెనక ఒకటి చుట్టి పైన వేలాడుతుంటాయి, తాడు వదిలితే క్షణంలో లోకం మారిపోతుంది. ఇదంతా చేసేది గిలకలు, తాళ్ళు, తీగలు, చెక్కలు, వాటిని లాగే చేతులు. ఎక్కడా పుస్తకంలో లేదు. ఏ తాడును ఏ పద్యం ఏ చరణం దగ్గర వదలాలో తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్నాడు. వేషం వేసే వయసు దాటినవాళ్ళు తాళ్ళ దగ్గరికి వెళ్ళారు. ముసలితనం వచ్చినా సమాజంలో పనికిరానివాడంటూ లేడు.

సినిమాకూ సురభికీ నడిచిన బేరం కూడా విచిత్రమైనది. పౌరాణిక నాటకాల పద్యాలు, వేషాలు, మాయలు చూసి పెరిగిన జనమే తెలుగు పౌరాణిక సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. 1951లో విజయావారి ‘పాతాళ భైరవి’ ఊళ్ళను ఊపేశాక సురభివాళ్ళు ఆ కథను తెచ్చుకుని తమ తాళ్ళతో, తమ తీగలతో రంగస్థలం మీద ఆడారు. కెమెరా చేసిన మాయను కళ్ళెదుట చేసి చూపించి టికెట్లు అమ్ముకున్నారు. సినిమాతో పోటీ పడి వెంటనే ఓడిపోయిన సమాజం కాదది.

మైదానం పోయింది

ముందుగా పోయింది ఆట వేసుకునే జాగా. ఈ పటాన్‌చెరు పారిశ్రామిక వాడనే తీసుకోండి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పొడుగునా షెడ్లు, గోడలు, గేట్లు లేచాయి. ఇసుకవాగు, నక్కవాగు నీళ్ళు రంగు మారాయి. ఊరి బయటి బీడు ఎకరాల లెక్కన, ఆపైన గజాల లెక్కన అమ్ముడుపోయింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మిగిలినవి వెంచర్లయ్యాయి. తెలుగు నాట పెరిగిన ప్రతి పట్నం కథా ఇంచుమించు ఇదే. నెల రోజులు డేరా వేసుకుంటాం అని వచ్చేవాడికి ఖాళీ జాగా చూపించే ఊరిపెద్ద లేడు. ఉన్న జాగాకు అద్దె, పోలీసు అనుమతి, ఫైరు వాళ్ళ కాగితం, తాత్కాలిక కరెంటు కనెక్షను, లారీల కిరాయి. నేల టికెట్టు ధరకు ఈ లెక్క ఎక్కడా పొసగదు. టికెట్టు ధర పెంచుదామా అంటే పెంచిన రోజున నేల మీద కూర్చునేవాడు రాడు.

మకాంలు తగ్గాయి. ఒక్కో సమాజం సామాను అమ్ముకుని మూతపడింది. ఇరవయ్యో శతాబ్దం చివరికి ముప్పై పైచిలుకు సమాజాలు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి. తిరుగుడు మానిన కుటుంబాలు లింగంపల్లిలో నిలిచిపోయాయి. కాలు నిలవని కుటుంబాలకు సొంత గడప దొరికింది, పిల్లలు ఒకే బడిలో ఏడాదంతా చదువుకునే వీలు కలిగింది. అది మేలే. మరో పక్క, నాటకాన్ని ఊరికి తీసుకుపోయే రోజులు అయిపోయాయి. ఎవరైనా పిలిస్తేనే ఆట.

పక్క రాష్ట్రంలోనూ ఇలాగే జరిగింది. కర్ణాటకలో గుబ్బి కంపెనీ 1884లో, అంటే సురభికి ఒక్క ఏడాది ముందు పుట్టింది. గుబ్బి వీరన్న కాలంలో అది దక్షిణాదిన పెద్ద పేరు. ఆ వైభవమూ నిలవలేదు. ఆ కంపెనీలో చిన్నతనంలో చేరి నాటకం నేర్చుకున్న పిల్లవాడు బి.వి. కారంత్. జాతీయ నాటక పాఠశాలను నడిపించేంత పెద్దవాడయ్యాక, 1990ల్లో ఆయన సురభి కళాకారుల దగ్గరికి వచ్చి వర్క్‌షాపు నడిపారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ అప్పుడు తయారయ్యాయి. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన నాటకానికి తెలుగు రూపం. తాతలనాటి పౌరాణికాలు తప్ప ఇంకేమీ తెలియదనుకున్న సురభి ఆడవాళ్ళు బస్తీ మనిషి కథను అవలీలగా ఆడేశారు. ఈ సమాజానికి కొత్త నాటకం నేర్చుకునే శక్తి లేదన్న మాట అబద్ధమని ఆ రోజు తేలిపోయింది. ఆ దారిలో నాలుగడుగులు వేయించడానికి తర్వాత అంతటి పూనిక ఎవరూ చూపలేదు.

సర్కారు చెయ్యి

స్వాతంత్ర్యం వచ్చాక కళలకు రాజుల స్థానంలో సర్కారు పోషకుడైంది. 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ఏర్పడింది. 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి తలుపులు తెరుచుకున్నాయి. అకాడమీ చేసినదంతా గొప్పదని అనలేం గానీ, నాటక సమాజం వెళ్ళి తన గోడు చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉండేది. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగు తెర మీద కృష్ణుడిగా, రాముడిగా జనం గుండెల్లో నిలిచిన మనిషి, పౌరాణికానికి పట్టం కట్టిన మనిషి. ఆ ఏడాదే ఆయన ప్రభుత్వం సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేసింది. 1985లో వాటి పనిని కొత్తగా పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి అప్పజెప్పారు. విశ్వవిద్యాలయం చదువు చెబుతుంది, డిగ్రీ ఇస్తుంది. డేరా చిరిగిన సమాజానికి గుడ్డ కొనిపెట్టడం దాని పని కాదు.

ఆ తర్వాత 1998 నుంచి నంది నాటకోత్సవాలు వచ్చాయి. సినిమాకు ఇచ్చే నంది నాటకానికీ దక్కింది. పోటీ కోసమైనా ఊళ్ళలో పరిషత్తులు, సమాజాలు కొత్త నాటకాలు తయారు చేసుకున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది. సురభి పుట్టిల్లు కడపలో, అంటే ఆంధ్రలో ఉండిపోయింది, కాపురం తెలంగాణలో. నంది తెలంగాణ గడప తొక్కలేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమాలకు గద్దర్ పేరిట అవార్డులు మొదలుపెట్టింది. గద్దర్ మెదక్ బిడ్డ, తూప్రాన్‌లో పుట్టినవాడు. గజ్జె కట్టి, గొంగడి వేసి, జన నాట్యమండలి వేదికల మీద జనం మధ్య ఆడి పాడినవాడు. అలాంటి ఆటగాడి పేరిట పెట్టిన అవార్డు తెర మీది బొమ్మకు దక్కింది, రంగస్థలం మీది మనిషికి అందులో చోటు లేదు. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పేరిట 550 మంది కళాకారులకు సర్కారు కొలువులిచ్చింది. ఉద్యమంలో గొంతు అరిగేలా పాడినవాళ్ళకు అది న్యాయమే. అయితే ఆ కొలువులో ప్రధానమైన పని ప్రభుత్వ పథకాల గురించి ఊళ్ళలో ఆడి పాడడం. ఘటోత్కచుడికి పథకాల ప్రచారం చేతకాదు.

ఇక ఢిల్లీ సంగతి. కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక సమాజాలకు రెపర్టరీ గ్రాంటు ఇస్తుంది. సురభి లాంటి సమాజాలకు చాలాకాలం పెద్ద ఆసరా అదే. ఒక గురువు, కొందరు శిష్యులు అన్న లెక్కన నెలకింత. పాత రేటు గురువుకు 10,000, శిష్యుడికి 6,000 రూపాయలు. తర్వాత దాన్ని 15,000కు, 10,000కు పెంచారు. పెంచిన తర్వాత కూడా శిష్యుడికి వచ్చేది పాశమైలారంలో పన్నెండు గంటల షిఫ్టు చేసే కాంట్రాక్టు కూలీకి వచ్చే దానికన్నా ఎక్కువేమీ కాదు. ఆ కాస్తకైనా దరఖాస్తు, ఆడిటరు సంతకాలు, ఖర్చు లెక్కల సర్టిఫికెట్లు, నిపుణుల కమిటీ ముందు పరీక్ష తప్పవు. మంజూరైనా డబ్బు నెలనెలా ఒకటో తారీఖున పడదు. కిరాణా కొట్టులో ఖాతా మాత్రం ప్రతి నెలా పెరుగుతుంది.

గ్రాంటు సురభిని బతికించింది, అందులో సందేహం లేదు. అదే సురభి స్వభావాన్ని మార్చింది కూడా. తాత, కొడుకు, కోడలు, మనవడు కలిసి ఒక నాటకమయ్యేవారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు, ఎందుకంటే వేషం మారితే వరస మారేది. దరఖాస్తుకు ఒక గురువు కావాలి, శిష్యుల జాబితా కావాలి. జాబితాలో పేరు ఉన్నవాడికి జీతం, పేరు ఎక్కనివాడికి లేదు. ఒకే పొయ్యి మీద తిన్న కుటుంబంలో పాస్‌బుక్కులు వేరయ్యాయి. తీగ లాగే పెద్దాయన, తెరలకు రంగులద్దే బాబాయి, బట్టలు కుట్టే అత్త ఏ గడిలో సర్దుకోవాలి? వసూలైన డబ్బులో వాటా అన్న రోజుల్లో ఈ చిక్కు రాలేదు.

పిలిచే చోట మరో ఇబ్బంది. ఆడిటోరియంలో ఆట అంటే నిర్వాహకుడి ఫోను ఒకే రకంగా ఉంటుంది. “గంటన్నరల అయిపోవాలె అన్నా, ఆ తర్వాత సన్మానాలున్నయి” అంటాడు. రాత్రంతా సాగే నాటకాన్ని మూడు గంటలకు కుదించుకున్నవాళ్ళు ఇప్పుడు గంటన్నరకు కుదించుకోవాలి. పద్యాలు పోయాయి, మాయలు మిగిలాయి. నిప్పు వాడకూడదు, పైన తాళ్ళు కట్టడానికి దూలం ఉండదు, అంత ఎత్తు ఉండదు. సొంత డేరాలో ఒక లోకం చేసి చూపించిన మనుషులు అద్దె వేదిక మీద అతిథుల్లా ఆడి దిగిపోవాల్సి వచ్చింది.

తాళాలు పడ్డ ఏడాది

2013లో రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది. జనానికి ఆయన సురభి బాబ్జీ. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని తండ్రి చేతుల నుంచి అందుకుని, మూతపడే కాలంలో మూతపడకుండా నిలబెట్టిన మనిషి. సురభి అన్న మాటకు ఢిల్లీలో ఒక ముఖం ఉందంటే అది ఆయనదే. గ్రాంటు ఫైలు ఎక్కడ ఆగిందో, ఎవరి తలుపు తట్టాలో తెలిసినవాడు. సమాజం పెద్దరికం, దరఖాస్తు పెట్టే ఓపిక రెండూ ఒకే మనిషిలో కుదరడం అరుదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఫ్యాక్టరీలు కొన్నాళ్ళకు తెరుచుకున్నాయి, పటాన్‌చెరు రోడ్డు మీద లారీలు మళ్ళీ తిరిగాయి. సినిమా హాళ్ళు ఆలస్యంగానైనా తెరిచారు. నాటకం అన్నిటికన్నా చివర. వందల మందిని ఒకచోట కూర్చోబెట్టడమే నాటకం పని, అది చెయ్యొద్దన్నారు. నటులకు ఇంటి నుంచి పని ఉండదు. మకాం ఉన్న రోజుల్లో వానాకాలం గడవడానికి నాలుగు బస్తాల బియ్యం ముందే కూడబెట్టుకునేవాళ్ళు. పిలుపు మీద బతికే రోజుల్లో కూడబెట్టడానికి ఏం మిగులుతుంది? దాతలు సరుకులు పంపారు. ప్రేక్షకుడు లేని వేదిక మీద ఆడి ఆన్‌లైన్లో చూపించే ప్రయత్నాలూ జరిగాయి. లడ్డూ గాలిలో తేలినప్పుడు ముందు వరస నుంచి కేక రాకపోతే తీగ లాగినవాడికి ఆట కుదిరిందో లేదో తెలియదు.

2022 జూన్‌లో బాబ్జీ కన్నుమూశారు. సమాజం చెదిరిపోలేదు. ఇప్పటికీ పిలిస్తే వస్తారు, ఆడతారు, పిల్లలు ఇప్పటికీ కేకలు పెడతారు. కానీ ఆ ఇళ్ళలో ఇప్పటి కుర్రాళ్ళు బీటెక్ చదువుతారు, పటాన్‌చెరులోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చూసుకుంటారు. వాళ్ళను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఏ ఏడాదికి ఆ ఏడాది మంజూరు కావాల్సిన జీతాన్ని నమ్ముకుని పెళ్ళి చేసుకోమని కన్నకొడుకుతో ఏ తండ్రీ అనలేడు.

రెండు శాతం చట్టం

ఈ కథలో సర్కారు ఒక్కదాన్నే బోనెక్కిస్తే సరిపోదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేని మీద పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో దేశ వారసత్వం, కళ, సంస్కృతి అని స్పష్టంగా ఉంది. ఈ వాడలో మందుల కంపెనీలు, ఇంజనీరింగు కంపెనీలు, రసాయనాల కంపెనీలు వందల్లో ఉన్నాయి. వాళ్ళ రెండు శాతం ఎక్కువగా బడి గదులకు, తాగునీటి ప్లాంట్లకు, ఆస్పత్రి పరికరాలకు పోతుంది. వాగులు రంగు మారిన చోట ముందు తాగునీరే కావాలి, ఆ మాట కాదనలేం. అయినా ఇన్ని కంపెనీల నడుమ ఎత్తయిన పైకప్పు, దూలాలు, తాళ్ళు కట్టే వీలు ఉన్న ఒక్క షెడ్డు నాటకానికి దక్కకపోవడం డబ్బు లేక కాదు. యంత్రాలకు వందల షెడ్లు కట్టడం తెలిసిన వాడ ఇది.

ఆడటానికి జాగా ఉంటే ప్రేక్షకుడు దొరకడా అన్నది తేలవలసిన ప్రశ్నే. ఈ వాడలో కార్మికుల్లో ఒడియావాళ్ళు, బిహారీలు, యూపీవాళ్ళు ఎందరో. తెలుగు పద్యం వాళ్ళకు అందదు. గాలిలో తేలే లడ్డూ ఏ భాషలో ఉంది? ఘటోత్కచుణ్ణి ఎరగని ఊరు ఉత్తరాదిన మాత్రం ఎక్కడుంది? ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ తెలుగును రంగస్థలం భాషగా చేసుకున్న కుటుంబాలకు కొత్త ప్రేక్షకుణ్ణి సంపాదించుకోవడం కొత్త విద్య కాదు. ఆదివారం సాయంత్రం పటాన్‌చెరులో వంద రూపాయల లోపు టికెట్టుతో నాటకం నడుస్తుందా లేదా అన్నది నడిపి చూస్తేనే తెలుస్తుంది.  గ్రాంటులు మనుషులకు నెల జీతం లెక్కగట్టాయి, అవార్డులు శాలువా కప్పాయి, ఆట ఆడే చోటు మాత్రం ఈ వాడలో దక్కలేదు.

అందుకే సురభికి జరిగిన నష్టాన్ని వేళకు రాని గ్రాంటు మొత్తంతో కొలవలేం. గ్రాంటు ఈ ఏడాది ఆగితే వచ్చే ఏడాది రావచ్చు, రేటు కూడా పెరగవచ్చు. ఒక్క తరం ఆట మానేస్తే ఏ చరణం దగ్గర ఏ తాడు వదలాలో తెలిసిన చెయ్యి పోతుంది. దాన్ని ఏ బడ్జెట్టూ మళ్ళీ మంజూరు చెయ్యలేదు. నూట నలభై ఏళ్ళ కిందట ఒక పెళ్ళి పందిట్లో మొదలైన సమాజాన్ని ఎనభై తొంభై ఏళ్ళ పాటు నేల టికెట్టు కొన్న పేదలు పోషించారు. ఆ తర్వాత పోషణ బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్ళందరికీ ఆ పేదల కన్నా ఎక్కువ డబ్బుంది, ఎక్కువ భూమి ఉంది, ఎక్కువ అధికారం ఉంది. సురభి చితికిపోయింది వీళ్ళ హయాంలోనే.